ఎండకాలంలో గొడ్లచావిడి

వైశాఖ, జ్యేష్ఠ మాసాలలో దైవదర్శనానికి బయలుదేరే యాత్రికులు తెల్లవారుజామున పల్లెల మీదుగా ప్రయాణించేటప్పుడు ఒక విషయాన్ని గమనించి ఉంటారు. ఊరంతా ఇంకా ఆరుబయట మంచాల మీద నిద్రిస్తూ ఉండగా, పశువులున్న ఇంటి పెరటిలో మాత్రం దీపం వెలుగుతూ ఉంటుంది; బాల్చీల చప్పుడు వినిపిస్తూ ఉంటుంది. అదే యాత్రికులు దర్శనం ముగించుకొని మిట్టమధ్యాహ్నం ఆ దారినే తిరిగి వస్తే ఆ ఇంటి ముందు నరసంచారం కనిపించదు. రైతు పగలంతా పడుకొని ఉన్నాడేమోనని చూసేవారికి అనిపించవచ్చు. ఆ దీపానికీ, ఈ నిశ్శబ్దానికీ కారణం ఒక్కటే. వేసవి మూడు నెలలూ ఆ ఇంటివారు ఎప్పుడు లేవాలో, ఎప్పుడు తినాలో, ఎప్పుడు నడుము వాల్చాలో నిర్ణయించేవి చావిడిలోని పశువులు.

నా బాల్యం గుండ్లకమ్మ పరిసరాలలోని ఒక మెట్ట గ్రామంలో అటువంటి ఇంటనే గడిచింది. జొన్న, కంది పండే కొద్దిపాటి భూమి. ఒక జత ఎద్దులు, ఒక ఆవు, రెండు గేదెలు, వాటి దూడలు, పది పన్నెండు మేకలు, పెరటి నిండా కోళ్లు. ఆనాడు అలవాటుగా చేసిన పనులకు కారణాలున్నాయని పెద్దయిన తరువాతనే తెలిసింది. గోవుకు గ్రాసం పెట్టాలని, మూగజీవాలకు ఏదైనా సాయం చేయాలని కోరుకునే భక్తులు ఎందరో ఉన్నారు. ఏది, ఎప్పుడు అవసరమో తెలిసి చేసిన సాయం మరింతగా ఉపకరిస్తుందనే ఉద్దేశంతో ఆ దినచర్యను ఇక్కడ వివరిస్తున్నాను.

కడుపులోని కొలిమి

ఆవు శరీర ఉష్ణోగ్రత సాధారణంగా 38.5 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉంటుంది. మన జిల్లాలలో మే నెలలో ఎండ 42, 43 డిగ్రీలకు చేరడం కొత్త కాదు. అనగా బయటి గాలి పశువు ఒంటికంటె వేడిగా ఉంటుంది. అటువంటప్పుడు ఒంటి వేడి దానంతట అది గాలిలోకి పోలేదు. చెమట ద్వారానో, ఊపిరి ద్వారానో నీటిని ఆవిరి చేసి చల్లబడవలసిందే. ఇది చాలదన్నట్లు పశువు కడుపులోనే ఒక కొలిమి ఉన్నది. నెమరువేసే జంతువు తిన్న గడ్డి దాని పెద్దపొట్టలో కోటానుకోట్ల సూక్ష్మజీవుల వలన పులిసి జీర్ణమవుతుంది. ఆ పులియడంలో వేడి పుడుతుంది. మేత ఎంత ఎండుదై, ఎంత పీచు కలిగి ఉంటే వేడి అంత ఎక్కువ. మేసిన కొన్ని గంటలకు అది హెచ్చుతుంది. ఉదయం 10 గంటలకు కడుపునిండా చొప్ప వేస్తే లోపలి వేడీ, బయటి ఎండా ఒకేసారి మధ్యాహ్నం వేళ పశువు మీద పడతాయి.

అందుచేతనే మా నాయన తెల్లవారుజామున 4 గంటలకే లేచి గాట్లో మేత వేసేవాడు. పాలు పితికి, పేడకళ్లు ఎత్తి, కుడితి పెట్టే సరికి తూరుపు తెల్లబడేది. రెండవ మేత పొద్దుగుంకిన తరువాత. అన్నిటికంటె పెద్ద మేత రాత్రి 9 గంటలకు. మధ్యాహ్నం నీళ్లు, ఉంటే గుప్పెడు పచ్చిగడ్డి, అంతే. చిన్నతనంలో నాకు అది క్రూరంగా తోచి, గొడ్లకు ఆకలి కాదా అని నాయనమ్మను అడిగాను.

“ఆకలైతే అరుస్తయిరా. ఇప్పుడు గడ్డి వేస్తే లోపల మంట పెట్టినట్టే. చల్లబడినాక కడుపునిండా వేద్దాంలే” అన్నది.

ఆమెకు సూక్ష్మజీవుల సంగతి తెలియదు. చెప్పిన మాట మాత్రం అక్షరాలా నిజం. ఎండలు ముదిరినకొద్దీ పశువు తనంతట తానే మేత తగ్గించుకుంటుంది. మేత తగ్గితే పాలు తగ్గుతాయి. వేసవిలో పాలు కొలత తగ్గినప్పుడు పాలు పోసేవారిని అనుమానించే ముందు ఈ విషయం గుర్తుంచుకోవడం మంచిది.

ఒక్కొక్క జీవానిది ఒక్కొక్క తీరు

ఒకే చావిడిలో ఉన్నా ఎండ అన్నిటికీ ఒకటి కాదు. ఒంగోలు జాతి ఆవుకు, ఎద్దుకు తెల్లని వెంట్రుక ఎండను కొంత తిప్పికొడుతుంది. వేలాడే గంగడోలు, వదులుగా ఉండే చర్మం వలన గాలి తగిలే వైశాల్యం ఎక్కువ. చెమట బాగా పడుతుంది. ఈ గుణాల వలననే ఆ జాతిని సముద్రాలు దాటించి బ్రెజిల్ దేశానికి తీసుకుపోయారు. ఈనాడు అక్కడ నెలోరె అనే పేరుతో కోట్ల సంఖ్యలో ఉన్న పశువులు మన నెల్లూరు పేరునే మోస్తున్నాయి.

గేదె సంగతి వేరు. నల్లని తోలు ఎండను పీల్చుకుంటుంది. చెమట గ్రంథులు ఆవుకంటె చాలా తక్కువ, వెంట్రుకలూ పలుచన. కనుక గేదె చెరువులో మునగడం విలాసం కాదు. చెమట చేయవలసిన పనిని దాని శరీరం చెరువు నీటి చేత చేయించుకుంటుంది. ఒంటికి పట్టిన బురద ఆరేవరకు చల్లదనాన్నిస్తుంది. ఈగలనూ, జోరీగలనూ దూరం చేస్తుంది. చెరువు ఎండిన సంవత్సరాలలో మా అమ్మ గేదెల మీద తడి గోనెపట్టాలు కప్పి, గంటకొకసారి చెంబుతో నీళ్లు చల్లుతూ ఉండేది. ఎండకాలంలో గేదె ఎదకు వచ్చిన గుర్తులు కూడా సరిగా బయటపడవు. రాత్రివేళ, తెల్లవారుజామున గమనిస్తేనే తెలుస్తుంది. దీనినే మూగ ఎద అంటారు. అది గమనించక దాటిపోతే ఈత ఆలస్యమై, మరుసటి సంవత్సరపు పాడి వెనుకబడుతుంది.

మేకలు గట్టివి. నల్లతుమ్మ కాయలు రాలే కాలం కావడంతో వాటికి ఆహారానికి లోటుండదు. గొర్రెలే ఎండకు వెర్రిపోతాయి. మిట్టమధ్యాహ్నం బయలు మీద గొర్రెల మంద గుండ్రంగా గుమిగూడి, ఒకదాని పొట్ట కింద మరొకటి తల దూర్చి నిలబడటం ప్రయాణికులు చూసే ఉంటారు. తలకు నీడ కోసం అవి చేసే ప్రయత్నమది. అయితే ఒంటికి ఒళ్లు రాసుకోవడంతో వేడి మరింత పెరుగుతుంది. అందుకే కాపరి వాటిని అదిలించి చెట్ల కిందకు చెదరగొడతాడు. ఈ మందలనే రైతులు పిలిపించి, ధాన్యమో డబ్బో ఇచ్చి, ఖాళీ చేలలో రాత్రిళ్లు మంద కట్టించుకుంటారు. తొలకరికి ముందు భూమికి అంత మంచి ఎరువు మరొకటి లేదు.

కోడికి చెమట గ్రంథులే లేవు. దాని ఒంటి వేడి సహజంగానే 41 డిగ్రీలకు పైన. ముక్కు తెరచి, రెక్కలు దూరంగా చాపి రొప్పుతున్నదంటే అది చల్లబడటానికి చివరి ప్రయత్నం చేస్తున్నదని అర్థం. మా పెరటిలో కుండపెంకులలో నీళ్లు పోసి వేపచెట్టు మొదట్లో నాలుగు చోట్ల పెట్టేవారు. ఒక్కచోటే పెడితే బలమైన పుంజు మిగిలినవాటిని చేరనివ్వదు.

నీరు

పెద్ద పశువు చలికాలంలో రోజుకు 30, 40 లీటర్ల నీటితో సరిపెట్టుకుంటుంది. పాలిచ్చే పశువుకు నడివేసవిలో 70, 80 లీటర్లు కావాలి. పాలలో 100కు 87 పాళ్లు నీరే కనుక, నీరు చాలకపోతే మొదట తగ్గేవి పాలే. ఈ లెక్కన మా ఇంటి చావిడికి రోజుకు 300 లీటర్లకు తక్కువ కాకుండా కావలసి వచ్చేది. ఆ నీరంతా బావి నుండి చేదుకొని మోయవలసిందే. మోసినవారిలో ఎక్కువమంది ఆడవారు. ఈ మాట ఎవరూ చెప్పరు కనుక నేను చెబుతున్నాను.

నీరు ఉంటే చాలదు, చల్లగా ఉండాలి. ఎండలో ఉన్న సిమెంటు తొట్టిలోని నీరు మధ్యాహ్నానికి కాగిపోతుంది. పశువు మూతి పెట్టి వెనుదిరుగుతుంది. అందువలన తొట్టిని నీడలో కట్టాలి. వారానికొకసారి నాచు గీకి, కడిగి, సున్నం పూయాలి. పైకప్పు విషయంలోనూ ఇంతే. తాటాకు పాక కింద ఉన్న చల్లదనం రేకుల కప్పు కింద ఉండదు. రేకులే వేయవలసి వస్తే పైన వరిగడ్డి గానీ, జమ్ము గానీ పరచి, దాని మీద అప్పుడప్పుడూ నీళ్లు చల్లడం ఉత్తమం.

పశువు నోరు తెరచి రొప్పుతూ, చొంగ కారుస్తూ, నెమరు మానివేసి నిలబడిందంటే వడదెబ్బ తగిలినట్లే. వెంటనే నీడకు చేర్చి, తల మీద, ఒంటి మీద చల్లని నీరు ధారగా పోస్తూ, కొద్దికొద్దిగా తాగించాలి. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. పూర్వం మాకు ఆ సదుపాయం లేదు.

వామి లెక్క

వేసవిలో రైతు ఇంట అసలైన ఆందోళన ఎండ గురించి కాదు, గడ్డివామి గురించి. పెద్ద పశువుకు రోజుకు 6 కిలోల ఎండుమేత అనుకుంటే, 5 పశువులకు 90 రోజులకు 2,700 కిలోలు కావాలి. సంక్రాంతికి ఇంటికన్నా ఎత్తుగా ఉన్న వామి వైశాఖానికి మనిషి ఎత్తుకు దిగుతుంది. రోహిణి కార్తె ప్రవేశించే నాటికి, అనగా మే నెలాఖరుకు, అడుగున పరచిన కంప కనిపించడం మొదలవుతుంది. వర్షం పడి పచ్చిక లేవడానికి ఇంకా నెల పడుతుంది. ఈ నెల రోజులే రైతుకు కఠిన పరీక్ష. పశువులు అమ్ముడుపోయేది ఎక్కువగా ఈ రోజులలోనే. అమ్మేవారు పెరుగుతారు, కొనేవారు తగ్గుతారు కనుక ధర పడిపోతుంది. ఏరువాకకు మళ్లీ ఎద్దులు కావలసినప్పుడు ధర రెట్టింపవుతుంది.

ఒక సంవత్సరం కంది, జొన్న రెండూ దెబ్బతిని మా వామి జ్యేష్ఠమాసం రాకముందే అయిపోయింది. మా ఎద్దులలో ఒకటి ముసలిది. దానిని అమ్మివేస్తే మిగిలినవాటికి మేత సరిపోతుందని బంధువులు సలహా ఇచ్చారు. నాయన రెండు రాత్రులు అమ్మతో ఆలోచించి, పదిహేను సంవత్సరాలు కాడి మోసిన దానిని సంతకు తోలలేనని తేల్చాడు. ఉన్న మేతనే అన్నిటికీ తగ్గించి వేశారు. అంతలో ఒక పెద్దవాన పడింది. ఊరంతా సంతోషించింది. వారం తిరగకుండా కోసిన జొన్నచేలలో మోళ్ల నుండి పచ్చని పిలకలు లేచాయి. ఆ తరువాత మళ్లీ ఎండలు కాసి, పిలకలు వాడుమొహం పట్టాయి. నెలన్నరగా పచ్చిమేత ఎరుగని పశువులు ఆ పచ్చదనం చూసి తాళలేకపోయాయి. మేపుకు తోలుకుపోయింది నేను. చెట్టు కింద ఒక్క కునుకు తీసే సరికి రెండేళ్ల పెయ్య గట్టు దాటి జొన్నమోళ్లలో పడి మేస్తున్నది. బయటికి తోలుకు వచ్చి పది అడుగులు నడిపించానో లేదో అది తూలింది. నురగలు కక్కింది. ఊపిరి ఎగబీల్చింది. నాయన చేరేలోగా ప్రాణం పోయింది. అరగంట కూడా పట్టలేదు.

దీనినే మన రైతులు జొన్న నాము అంటారు. లేత జొన్న మొక్కలో, ముఖ్యంగా నీరందక వాడిన పిలకలలో, ధురిన్ అనే పదార్థం అధికంగా ఉంటుంది. పశువు నమిలినప్పుడు దాని నుండి హైడ్రోసయనిక్ ఆమ్లం విడుదలవుతుంది. రక్తంలో ప్రాణవాయువు ఉన్నా శరీరకణాలు దానిని వాడుకోలేని స్థితి ఏర్పడుతుంది. అందుకే చనిపోయిన పశువు రక్తం మామూలుకంటె ఎర్రగా కనిపిస్తుంది. ఆకలితో ఉన్న పశువు ఆబగా మేస్తుంది కనుక ప్రమాదం దానికే ఎక్కువ. పశువైద్యుడు వెంటనే అందుబాటులో ఉంటే సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ మందులను రక్తనాళంలోకి ఎక్కించి కాపాడవచ్చు. అయితే వ్యవధి నిమిషాలలోనే ఉంటుంది. జొన్న పూతకు వచ్చిన తరువాత కోసి వేస్తే భయం తగ్గుతుంది. బాగా ఎండిన చొప్పలో ఈ విషం చాలావరకు పోతుంది.

నాయన నన్ను ఒక్క మాట అనలేదు. మూడు రోజుల పాటు ఆవు ఆ గట్టు వైపు తిరిగి అరచింది. నిద్రపోయిన తప్పు నాదే. పెయ్యను అటు నడిపించింది మాత్రం ఖాళీ అయిన వామి అని ఇప్పటికీ నా నమ్మకం.

ఆ సంవత్సరం నుండి మా ఇంట రెండు అలవాట్లు మారాయి. డెల్టా గ్రామాలలో వరికోతలు కాగానే, గడ్డి చవకగా దొరికే పుష్యమాసంలోనే, అప్పుచేసి అయినా రెండు బండ్లు అదనంగా కొని వామి వేయడం మొదటిది. రెండవది యూరియాతో గడ్డిని మాగవేయడం. 100 కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియాను సుమారు 50 లీటర్ల నీటిలో కరిగించి, పొరలు పొరలుగా చల్లి, బాగా తొక్కి, గాలి చొరకుండా కప్పి 3 వారాలు ఉంచాలి. తీసిన తరువాత కొంతసేపు ఆరబెట్టి, ఘాటు పోయాక పెట్టాలి. గడ్డి మెత్తబడి ఎక్కువగా జీర్ణమవుతుంది; అదే వామి ఎక్కువ బలాన్నిస్తుంది. ఆరు నెలల లోపు దూడలకు దీనిని పెట్టరాదు. యూరియాను నీళ్లలోనో, దాణాలోనో నేరుగా కలిపి పెడితే పశువు చనిపోతుంది.

పెట్టదలచినవారికి

గోగ్రాసం పెట్టదలచిన భక్తులు చాలామంది వేసవి సెలవులలో, తాము యాత్రకు వచ్చినప్పుడు గడ్డి కొనిస్తారు. అది మంచిదే. అయితే జ్యేష్ఠంలో ఒక మోపుకు అయ్యే ఖర్చుతో పుష్యంలో అంతకంటె ఎన్నో మోపులు వస్తాయి. గోశాలకు గానీ, తమ ఊరిలోని పేదరైతుకు గానీ గడ్డి ఇవ్వదలచినవారు సంక్రాంతి నాటికి ఇచ్చినట్లయితే అది వామిలో చేరి, అవసరమైన నెలకు సిద్ధంగా ఉంటుంది. వేసవిలో ఇవ్వదగినది నీరు, నీడ. ఒక తొట్టి, దాని మీద ఒక పందిరి, రోజూ నింపే మనిషికి కూలి ఇస్తే చాలు.

ఆవుకు అన్నం, పులిహోర, పొంగలి, రొట్టెలు, గంపెడు అరటిపండ్లు పెట్టడం ప్రేమతోనే జరుగుతుంది. కానీ గడ్డిని జీర్ణం చేసుకోవడానికి ఏర్పడిన ఆ పెద్దపొట్టలోకి ఒక్కసారిగా అంత పిండిపదార్థం చేరితే ఆమ్లం పెరిగిపోయి, నెమరు ఆగి, కడుపు ఉబ్బి పశువు కూలబడుతుంది. పర్వదినాల మరునాడు పశువైద్యులకు ఈ కేసులు ఎదురవుతూనే ఉంటాయి. పిడికెడు పెట్టి దణ్ణం పెట్టుకుంటే దోషం లేదు. ఒక్కరు పిడికెడు పెట్టినా, వరుసలో వందమంది ఉంటారన్నదే చిక్కు. కనుక పెట్టే ముందు పశువును సాకేవారిని అడగడం అవసరం. పెట్టిన తరువాత పాలిథిన్ సంచిని అక్కడ వదలకూడదు. ప్రసాదం వాసన ఉన్న సంచిని ఆవు సంచితో సహా మింగుతుంది. అది కడుపులో జీర్ణం కాదు, బయటికీ రాదు. తోటకూర, పాలకూర కట్టలైతే మట్టి, మందుల అవశేషాలు పోయేటట్లు కడిగి పెట్టవచ్చు. లేత జొన్నమేతను దారిలో కొని పెట్టేవారు మాత్రం పైన చెప్పిన నాము సంగతి మరువరాదు.

తొలకరి వేళ

మృగశిర కార్తె జూన్ మొదటి పక్షంలో ప్రవేశిస్తుంది. వాన పడగానే కష్టాలు తీరినట్లు బయటివారికి తోస్తుంది. పశువులున్న ఇంట మరొక జాగ్రత్త మొదలవుతుంది. కొత్తనీటితో, చిత్తడితో గొంతువాపు, జబ్బవాపు వంటి వ్యాధులు వస్తాయి. గొర్రెలకు లేతపచ్చిక తిన్నప్పుడు చిటుకురోగం వస్తుంది. వీటికి టీకాలు వానలు పడకముందే, మే నెలలోనే వేయించాలి. ఎండలో ఎవరు పోతారులే అని వాయిదా వేసిన ఇళ్లలోనే నష్టాలు ఎక్కువ. కొత్తపచ్చికను కూడా మొదటి రోజే కడుపునిండా మేయనివ్వరాదు. ముందు కొంత ఎండుగడ్డి వేసి, ఆ తరువాతనే బయటికి తోలాలి.

జ్యేష్ఠ పూర్ణిమ ఏరువాక పున్నమి. ఆనాడు ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగు వేసి, మెడలో మువ్వలపట్టీలు కట్టి, కాడికి పసుపు కుంకుమలు పెట్టి తొలి చాలు దున్నేవారు. పెయ్య పోయిన ఆ సంవత్సరం కూడా నాయన ముసలి ఎద్దునే కుడివైపు కట్టాడు. నాలుగు చాళ్లు దున్ని, దానిని విప్పి, చెట్టు నీడకు నడిపించి నీళ్లు పెట్టాడు. ఆ తరువాత కొడవలి తీసుకొని జొన్నచేను గట్టుకు వెళ్లి, పెయ్య దాటిన సందులో తుమ్మకంప అడ్డంగా వేసి, దాని మీద బండరాయి పెట్టి వచ్చాడు. జొన్న పూతకు వచ్చేదాకా ఆ కంపను ఎవరూ తీయలేదు.